నిద్ర రాని గోలీ

మా దీవిలో వానలు మొదలయ్యాయంటే లంబాలైన్‌లో మా క్వార్టర్ గోడలకు బూజు పడుతుంది, నన్ను తుమ్ములు పట్టుకుంటాయి. అదంతా రొంపేననుకుని ఏళ్ల తరబడి రొంప మాత్రలు మింగాను. ఆ మాత్రలో సగం మందు జ్వరానికీ ఒళ్లు నొప్పులకూనట. నాకు ఆ రెండూ లేవు. లేని జ్వరాన్ని అంత శ్రద్ధగా తగ్గించుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కిందటేడు స్కూలు వార్షికోత్సవంలో మా అమ్మాయి తెలుగు పద్యం చెప్పింది. మొదటి పాదం అయ్యీ అవ్వగానే ముందు వరసలోంచి నేను తుమ్మాను. ఎవరైనా తుమ్మితే చేస్తున్న పని ఆపి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగాకే కదలాలన్నది మా అత్తగారి శ్రీకాకుళం చట్టం. ఆవిడ చేతుల్లో పెరిగిన పిల్ల. స్టేజీ మీదే చతికిలబడి, మైకులో మంచినీళ్లడిగింది. హాలంతా నవ్వింది. పిల్ల ఏడుస్తూ దిగిపోయింది.

ఈ ఏడు మళ్లీ పద్యమే. ఆ రోజు పొద్దున్న జడ వేయించుకుంటూ తేల్చి చెప్పేసింది.

"తుమ్మేటట్టయితే మత్ ఆనా మమ్మీ. నానమ్మ వస్తాది, బస్."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. కన్నతల్లినే రావద్దంటుందా? కోపమూ వచ్చింది, కానీ పిల్ల మాటలో న్యాయముంది. దాని పద్యం మొత్తం నేను వినాలి, అంతే. ఆఫీసులో గంట పర్మిషన్ అడిగి మిడిల్ పాయింట్ బజార్లో మందుల షాపుకు పరిగెత్తాను.

కౌంటర్లో ఆయన ఓపికమంతుడు. ముక్కు కారుతుందా, దిబ్బడేసిందా, కళ్లు దురదా, జ్వరముందా అని ఒక్కొక్కటే అడిగాడు. కారుతుంది, దురద ఉంది, జ్వరం లేదన్నాను. ఇది రొంప కాదు, అలర్జీ అన్నాడు. అలర్జీ మాత్రల్లో మత్తొచ్చేవీ రానివీ ఉంటాయని నాకు తెలుసు. ఆ తెలివంతా చూపించాలని, నిద్ర రాని గోలీ అని తెలుగులో అనుకున్నదాన్ని హిందీలో పెట్టి అడిగాను.

"భయ్యా, నీంద్ నహీ ఆనే కా గోలీ దో."

ఆయన మొహం జాలితో నిండిపోయింది. "టెన్షన్ మత్ లో దీదీ" అని మాత్ర చేతిలో పెట్టాడు. వేసుకున్నాక స్కూటీ నడపొద్దని కూడా చెప్పాడు. బయట జోరున వాన. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

సాయంత్రం మాత్ర వేసుకుని, ఆటోలో అత్తగారితో వెళ్లి, ముందు వరసలోనే కూర్చున్నాను. ఒక్క తుమ్ము లేదు. చిన్నపిల్లల డాన్సు మొదలవడం గుర్తుంది. తర్వాత చప్పట్లూ, నా పక్కటెముకల్లో అత్తగారి మోచెయ్యీ. కళ్లు తెరిచేసరికి మా పిల్ల దండం పెట్టి స్టేజీ దిగుతోంది.

అప్పుడు వెలిగింది నాకు. నిద్ర రాని గోలీ అంటే నిద్ర పట్టనివాళ్లకిచ్చేదని ఆయన అర్థం చేసుకున్నాడు. తుమ్ములకూ నిద్రకూ కలిపి ఒకే మాత్ర ఇచ్చి పుణ్యం కట్టుకున్నాడు. ఆయన్ని తిట్టుకుందామన్నా నోరు రాలేదు. పద్యం మాత్రం ఒక్క ముక్కయినా వినలేదు.

పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చి నా ఒళ్లో పడింది. మొహం వెలిగిపోతోంది.

"మొత్తం చెప్పేసాను మమ్మీ, ఎక్కడా ఆగలేదు. నువ్వు నోరు తెరుచుకుని పడుకున్నావు కదా, నిన్ను చూస్తే తుమ్ముతావని డరే లేదు."

నా బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టి, వచ్చే ఏడు కూడా ఆ గోలీయే వేసుకొని రమ్మంది.