శాలువా కింది కవరు

సూర్యాపేట బైపాస్ మీదున్న ఆ ప్రైవేటు యూనివర్సిటీలో విదేశీయుల కాగితాలంటే రూతమ్మే. ఇరవై రెండేళ్లుగా ఆ సీటు ఆమెదే. పాఠం చెప్పడానికి ఏ దేశం మనిషి వచ్చినా, వీసా ఏ రకమో, పన్ను ఎంత కోయాలో ఆమె చూసి సంతకం పెడితేనే డబ్బు కదిలేది. పైవాళ్లు ఎంతమంది చెప్పినా, కాగితం లేకుంటే "కాదు సార్" అనేది. వేములపల్లిలో నాట్లకు పోయి చదివించిన తల్లి మొండితనం మరి, ఎక్కడికి పోతుంది!

పోయిన ఏడు వియత్నాం నుంచి లాన్ అనే వరి శాస్త్రవేత్త వచ్చింది. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎందుకు విరుగుతున్నాయో చూద్దామని సొంత ఖర్చుతో, టూరిస్టు వీసా మీద వచ్చిన మనిషి. యూనివర్సిటీవాళ్లు ఒక గంట మాట్లాడమన్నారు, పదివేలు ఇద్దామన్నారు. ఈ వీసా మీద రూపాయి ఇచ్చినా తప్పేనని రూతమ్మ ఫైలు తిప్పి పంపింది.

అంతవరకు బాగానే ఉంది. ఆడమనిషికి ఆడమనిషే శాలువా కప్పాలి కదా, ఆ వంతు రూతమ్మకు పడింది. ఇంత దూరం వచ్చిన పిల్లను ఒట్టి శాలువాతో పంపడానికి ఆమెకు ప్రాణం ఒప్పలేదు. తన పర్సులోంచి వెయ్యినూటపదహార్లు తీసి, కవర్లో పెట్టి, శాలువాతో పాటు చేతికిచ్చింది. మన దగ్గర అది మర్యాద, జీతమని ఎవరూ అనుకోరు. కోదాడ విలేకరి ఒకాయన ఆ ఫొటో పేపర్లో వేసి, నగదుతో సన్మానమని రాశాడు.

నాలుగు నెలలకు లాన్ రెండేళ్ల పరిశోధన వీసాకు పెట్టుకుంటే ఆ ఫొటో అడ్డం పడింది. టూరిస్టుగా వచ్చి డబ్బు తీసుకున్నారా అని వీసా ఆఫీసువాళ్లు అటు ఆమెను, ఇటు యూనివర్సిటీని వివరణ అడిగారు. వీసా రాకపోతే ఆ పిల్ల మొదలుపెట్టిన పనంతా అక్కడితో ఆగిపోతుంది.

సెక్షన్ ఆఫీసర్ జైరాం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "కవర్ల ఏం లేకుండె అని రాయక్కా. స్టేజీ మీద ఖాళీ కవర్లు ఇచ్చుడు కొత్తనా? ఇంక ఏడు నెలలల్ల రిటైర్ అయితవ్. ఎందుకు కొరివితోటి తల గోక్కుంటవ్?"

"మరి ఆ పిల్ల ఏం రాస్తది సార్?"

"నువ్వు ఏం చెప్తే గదే రాస్తది."

నిజంగానే ఆ సాయంత్రం లాన్ ఫోన్ చేసి, ఏం రాయమంటారని అడిగింది. ఖాళీ అంటే ఖాళీ అనే రాస్తుంది. రేపు బయటపడితే అబద్ధాలకోరు అయ్యేది ఆ పరాయి దేశపు పిల్లే. రూతమ్మకు తన మీద తనకే సిగ్గేసింది. ఉన్నదున్నట్టు రాయమని, డబ్బు తనదని, తప్పూ తనదేనని, తానూ అదే రాస్తున్నానని వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

రాసింది కూడా. లాన్‌కు వీసా వచ్చింది, రూతమ్మకు మెమో వచ్చింది. నియమం తెలిసీ తప్పిందని ఆమెను డిగ్రీ సర్టిఫికెట్ల గదికి మార్చారు.

జూన్‌లో లాన్ దిగింది. పన్ను ఫారాలు, వీసా నకళ్లు పట్టుకుని నేరుగా రూతమ్మ దగ్గరికే వచ్చి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడమంది. రూతమ్మ కళ్లజోడు పెట్టుకుంది. చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఇప్పుడివి చూసే మనిషి పై అంతస్తులో ఉన్నాడని చెప్పింది.

టేబుల్ మీద పరిచిన ఫారంలో పాస్‌పోర్టు తేదీ తప్పు పడి ఉండటం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"తేదీ దిద్దుకో తల్లీ," అంది. కాగితాన్ని మాత్రం ముట్టుకోలేదు.