శుక్రవారం ఉత్తరం వెనక్కి పోలేదు

నిన్న పొద్దున్న కాలేజీకి తయారవుతుంటే ఫోన్ వచ్చింది. సత్యవతక్క పోయింది అన్నారు.

ఏ సత్యవతక్క అని అడిగేను. బుర్ర పనిచెయ్యలేదు. నాకున్నది ఒక్క సత్యవతక్కే.

గురువారం జ్వరమని అమలాపురం ఆసుపత్రిలో చేరింది. ఆదివారం చూడ్డానికి వెళ్తే, ల్యాబ్‌లో ఏడో సిస్టమ్‌కి కీబోర్డు మార్చేవా అని అడిగింది. మార్చలేదు. సోమవారానికి మనిషే లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. అక్క మా కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి. తొమ్మిదేళ్ళుగా పక్క కుర్చీ నాది. ఇల్లు ముక్తేశ్వరం. బావగారు మస్కట్‌లో ఎలక్ట్రీషియన్.

వాళ్ళిద్దరికీ ఒక అలవాటు. తిన్నావా, పడుకున్నావా లాంటివన్నీ ఫోన్లోనే. కానీ శుక్రవారం బావగారికి సెలవు. ఆ రోజు కంపెనీ మెయిల్ నుంచి అక్కకి ఓ పెద్ద ఉత్తరం రాస్తారు. ఒక్క వారం తప్పలేదు.

ఒకసారి అక్క వాడే ఫ్రీ మెయిల్ ఎకౌంట్ లాక్ అయిపోయింది. నువ్వు నువ్వేనని రుజువు చూపించమన్నారు. పాత ఫోన్ నంబరు లేదు, చూపించలేకపోయింది. ఉత్తరాలన్నీ పోయేయి. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఇకమీదట మన ఉత్తరాలు మనింట్లోనే ఉంటాయే అంది.

అన్నంత పనీ చేసింది.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి కొని, లినక్స్ వేసి, సొంత మెయిల్ సర్వర్ పెట్టింది. ఎక్కడా? వంటింటి పక్క గదిలో, పచ్చడి జాడీల అలమరా కింద. మొదటిసారి నెల పట్టింది. వానాకాలంలో పిడుగు పడి మెషిన్ పోయింది. మళ్ళీ నెల.

అప్పుడు పట్టు పట్టింది. ఆ పనంతా దానంతట అదే చేసుకునేలా ఒక స్క్రిప్ట్ రాసింది. ఖాళీ మెషిన్‌కి పెన్ డ్రైవ్ పెట్టి ఒక్క కమాండ్ కొడితే చాలు. మెయిల్ ప్రోగ్రాములు ఎక్కించడం, దొంగ మెయిళ్ళు చొరబడకుండా కాపలా పెట్టడం, బ్యాకప్‌లోంచి పాత ఉత్తరాలు తెచ్చుకోవడం, అన్నీ అదే చూసుకుంటుంది.

ఒక్కో మెట్టు అవగానే స్క్రీన్ మీద "ఆయ్" అని వస్తుంది. ఓకే అని పెట్టొచ్చు కదక్కా అంటే, మనింట్లో మెషిన్ మనలా మాట్లాడకపోతే ఎలాగే అంది.

ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ మెషిన్‌ని కావాలని చెరిపేసేది. మొదటిసారి చూసినప్పుడు చెయ్యి పట్టుకుని ఆపబోయేను. పిచ్చా నీకు అని అరిచేను కూడా. నాకు నోరెక్కువ, మీ అందరికీ తెలిసిందే.

అక్క నవ్వి, నన్ను ఆ కుర్చీలో కూచోబెట్టి, తను గుమ్మంలో కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, ఇప్పుడు నువ్వు లేపు అంది.

పదకొండు ప్రశ్నలు అడిగేను. ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. కాగితం మీద రాసుకుంది. సాయంత్రానికి ఆ జవాబులన్నీ స్క్రిప్టులోకి ఎక్కించేసింది.

"నువ్వు నన్ను ఏదైనా అడగాల్సొచ్చిందంటే నా పని పూర్తి కానట్టే. నేను లేకపోయినా ఇది లేవాలి."

ఆ మాటకి ఆ రోజు బాగా తిట్టేను.

నిన్న బావగారు ఫోన్ చేసేరు. టికెట్ దొరికింది, బుధవారం పొద్దున్నకి వస్తానన్నారు. తర్వాత, శుక్రవారం ఉత్తరం చేరలేదమ్మా అన్నారు. మంగళవారం వరకు ప్రయత్నిస్తాం, చేరకపోతే మీకే తిప్పి పంపుతాం అని కంపెనీ మెయిల్‌లో వచ్చిందట.

నా ఉత్తరం చూడకుండానే వెళ్ళిపోయిందని ఏడ్చేరు.

ఎందుకు చేరలేదో వాళ్ళింట్లో అడుగు పెట్టగానే తెలిసింది. గురువారం ఆసుపత్రికి వెళ్తూ, తాళం వేసే ముందు అక్క అత్తగారు మెయిన్ ఆపేసేరు. మా వైపు ఎవరైనా అంతే, ఇల్లు వదిలి వెళ్తే మెయిన్ ఆపాల్సిందే, పిడుగుల భయం. ఆ మామ్మగారిని అనడానికేం లేదు. మళ్ళీ మెయిన్ వేసేం. మెషిన్ లేవలేదు. డిస్క్ పోయింది.

పోయిన మనిషిని నేను తేలేను. ఆ ఉత్తరం మాత్రం ఆయన దగ్గరికి తిరిగి పోకూడదు. పోనివ్వను అనుకున్నాను.

ఇవాళ పొద్దున్నే నా సొంత సిస్టమ్ ఆటోలో పెట్టుకుని ముక్తేశ్వరం వెళ్ళేను. అక్క తాళాల గుత్తికి పెన్ డ్రైవ్ ఉంది. బీరువాలో బ్యాకప్ డిస్క్ ఉంది. హాల్లో ఫ్రీజర్ బాక్స్‌లో అక్క ఉంది.

ఇంట్లో శవం ఉండగా ఆ కంప్యూటర్ పనేమిటని బంధువొకాయన కసిరేరు. నేను నోరు తెరిచేలోగా మామ్మగారే అన్నారు.

"చెయ్యనివ్వండి. అది మా కోడలి పనే."

కమాండ్ కొట్టేను.

ఆయ్.

ఆయ్.

మూడోది రాలేదు. ఆగిపోయింది. అక్కని అడుగుదామని గుమ్మం వైపు తల తిప్పేను. నిజంగా తిప్పేను.

మళ్ళీ స్క్రీన్ చూస్తే అక్షరాలు వచ్చి ఉన్నాయి. "నెట్ కేబుల్ పాత మెషిన్‌కే ఉంచేసి ఉంటావు, చూడు."

నిజమే, ఉంచేసేను. ఆ ఆదివారం నేనడిగిన పదకొండు ప్రశ్నల్లో మొదటిది, వేరే మెషిన్ పెట్టినప్పుడు ఆగిపోతే ఎలాగక్కా అని. దానికి జవాబు అది.

అక్కడే కూచుని ఏడ్చేను. ఏడుస్తూనే కేబుల్ మార్చేను.

చివరి ఆయ్ మధ్యాహ్నానికి వచ్చింది. ఇంకాసేపటికి అక్క ఇన్‌బాక్స్‌లో ఒక్క మెయిల్ పడింది. శుక్రవారందే.

తెరవలేదు. రేపు బావగారు అక్క పక్కన కూచుని చదివి వినిపిస్తారు.

వచ్చే నెల మొదటి ఆదివారం నేనే చెరుపుతాను, నేనే లేపుతాను. నేర్చుకుంటామంటే రండి. మీ ప్రశ్నలకి జవాబు చెప్పను. రాసుకుంటాను.

అక్కా, నిన్ను ఏమీ అడగకుండానే లేచింది. నీ పని పూర్తయింది.

ఇంక నిశ్చింతగా పడుకో.