అన్నకు జర్మన్, నాకు ఫ్రెంచి

మా పెదనాన్న కొడుకు నాకంటే కొన్ని నెలలే పెద్ద. ఆ కొన్ని నెలల పుణ్యమా అని, పుంగనూరులో మా ఇంట్లో గుడ్డ తెస్తే ముందు వాడి చొక్కాకు కత్తిరించి, మిగిలింది నాకు కుట్టించేవాళ్ళు. నోటితో అన్నా అని పిలిచేవాణ్ణి గానీ, మనసులో మాత్రం వాడే.

పందొమ్మిది వందల నలభైల మొదట్లో ఇద్దరం మదనపల్లెలో ఇంటర్ చదివేవాళ్ళం. ఇద్దరికీ ఇంజనీరింగు పిచ్చి. పెద్ద యంత్రాల మీద మంచి పుస్తకాలు చాలావరకు జర్మన్‌లో, ఫ్రెంచిలో ఉన్నాయని, ఏదో ఒకటి నేర్చుకొమ్మని ఫిజిక్సు మాస్టారు చెప్పారు. చల్లని గాలి కోసం ఆ ఊరికి వచ్చి స్థిరపడిన స్విస్ దంపతులు ఉండేవారు. ఆయన మాతృభాష జర్మన్, ఆవిడది ఫ్రెంచి. అడిగితే నేర్పుతామన్నారు. ఆయన బల్ల మీద టర్బైన్ల బొమ్మలున్న జర్మన్ పుస్తకం చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. నేర్చుకుంటే జర్మనే నేర్చుకుంటానని అన్న చెవిలో ఊదరగొట్టాను.

సెలవులకు వెళ్ళి తాతను అడిగాం. ఆయనకు రాగిచేను తప్ప వేరే లోకం లేదు.

"రాగిలో అనుములు కలిపి యాల ఏస్తామప్పా? వాన తప్పి ఒగటి పోయినా ఇంగొగటి నిలుస్తాదని. ఇద్దురూ ఒగే బాస నేర్చుకుంటే ఎట్ల? సెరొకటి నేర్చుకోండి. పెద్దోడు ముందు చెప్పనీ."

వాడు ఒకసారి నా మొహంలోకి చూసి, "జర్మన్" అన్నాడు.

తాత మాటకు ఎదురు లేదు. స్విస్ దంపతుల ఇంటి వరండాలో ఒక చివర ఆయన దగ్గర వాడు, మరో చివర ఆవిడ దగ్గర నేను. పాపం, ఆవిడ ఎంతో ప్రేమగా నేర్పేది. నా చెవులు మాత్రం అవతలి చివరే ఉండేవి. వాడు తప్పు పలికితే ఆ పూట నాకు అన్నం రుచిగా ఉండేది.

యుద్ధం ముగిసింది. ఇంజనీరింగు కూడా ఇద్దరం కలిసే పూర్తి చేశాం. టర్బైన్ల పని నేర్చుకోవడానికి సర్కారు వాళ్ళు స్విట్జర్లాండుకు ఒక్కరిని పంపుతారని తెలిసి ఇద్దరం ఇంటర్వ్యూకు వెళ్ళాం. ఆ పని నేర్పే కార్ఖానా జర్మన్ మాట్లాడే ఊళ్ళో ఉందట. నా ఫ్రెంచిని వాళ్ళు మెచ్చుకుని, వాణ్ణి ఎంచుకున్నారు.

మద్రాసు రైలు ఎక్కించడానికి కుప్పం దాకా వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద వాడి కొత్త కోటు చూస్తుంటే నా కడుపు రగిలిపోయింది.

"నాకు ఫ్రెంచే ఇష్టంగా ఉన్నిందిరా. ఆ జర్మన్‌కు నోరు తిరక్క ఎంత ఏడ్సినానో నాకే తెలుసు" అన్నాడు కిటికీలోంచి.

"మరి యాల తీసుకుంటివన్నా?"

"నువ్వు అదే కావాలంటాంటివి గదా. నీకు దక్కుతాదంటే నాకు కడుపు మండింది."

రైలు కదిలింది. వాడు చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. అన్నేళ్ళూ ఆ ఇంట్లో కుళ్ళుకున్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. ఆ కుళ్ళు కూడా ముందు వాడికే కత్తిరించి, మిగిలింది నాకు కుట్టారు.