వెడల్పు పాదాలు

నా చిన్నప్పుడు మా పల్లెలో చెప్పులనేవి పెద్ద మగవాళ్ళ వస్తువు. సబ్బవరం దాటి కొంత లోపలికి వెళ్తే వస్తుంది మా ఊరు. ఆడవాళ్ళూ పిల్లలూ పొలానికైనా పెళ్ళికైనా వట్టికాళ్ళతోనే వెళ్ళేవాళ్ళు. ఏ కోడలైనా చెప్పులేసుకుని మామగారి ముందు నడిచిందంటే, వారం రోజులు ఊరంతా అదే మాట చెప్పుకునేది. బడిలో మేష్టారు కూడా తన చెప్పులు గుమ్మం బయట విడిచే లోపలికి వచ్చేవారు. కాళ్ళకు ఏమీ లేకపోవడం ఒక లోటని పదకొండేళ్ళు వచ్చేదాకా నాకు తెలియనే తెలియదు.

ఆ సంగతి విశాఖపట్నం వచ్చాక తెలిసింది. డెబ్బయ్యో దశకం మధ్యలో మా నాన్నకు పోర్టులో పని దొరికింది. పాతనగరంలో ఒక ఇరుకు సందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నన్ను ఆడపిల్లల బడిలో ఆరో తరగతిలో చేర్చారు. మొదటి రోజు ప్రార్థనలో తల వంచి చూస్తే ముందూ వెనకా అన్నీ నల్లబూట్లు, తెల్లమేజోళ్ళు. మధ్యలో నా రెండు పాదాలు. బొటనవేలు ఒకవైపుకు, తక్కిన వేళ్ళు ఇంకోవైపుకు విచ్చుకుని, మడమలు పగిలి ఉన్నాయి. వరిగట్ల మీద జారిపోకుండా వేళ్ళతో బురదను పట్టుకుని నడిచిన పాదాలు మరి. ఆ రోజు నుంచి కూర్చున్నచోటల్లా వాటిని పరికిణీ కిందికి లాక్కునేదాన్ని.

పంద్రాగస్టు దగ్గరపడింది. నా గొంతు గట్టిదనీ, అడుగు తప్పదనీ డ్రిల్లు టీచరు నన్ను మా తరగతి వరసకు ముందు నిలబెట్టారు. బూట్లు లేకుండా మైదానంలోకి రానివ్వనని కూడా చెప్పారు. ఆవిడ గొంతులో కోపమేమీ లేదు, ఉన్న రూలు చెప్పారంతే.

ఆదివారం నాడు నాన్న నన్ను ఒక పెద్ద కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రాడు నా పాదం చూసి, పక్కనున్న వాడితో, "ఇదేటి బావా, పాదమా సేటా?" అన్నాడు. చేటంత పాదమని ఇద్దరూ నవ్వారు. నాన్న తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. పొడుగు సరిపోయిన బూట్లు వెడల్పు సరిపోలేదు. వెడల్పు సరిపోయినవి వేసుకుంటే మడమ జారిపోతోంది. చివరికి పొడుగు సరిపోయిన జతలోనే నా వేళ్ళను కుక్కి లేసులు బిగించారు. నేను బాగున్నాయని చెప్పాను. ఆ కొట్లోంచి తొందరగా బయటపడితే చాలనిపించింది.

మూడు రోజులు వాటితోనే కవాతు చేశాను. మూడో రోజు సాయంత్రం చిటికెన వేళ్ళ దగ్గర మేజోళ్ళు ఎర్రబడ్డాయి. బడి గేటు దాటగానే బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి బయలుదేరాను. వరసలో నిలబడనని మర్నాడు టీచరుకు చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను.

మా సందు మొదట్లో ఒక ముసలి సాయిబు గారు బూట్లు కుట్టే దుకాణం ఉండేది. సందులో పిల్లలందరం ఆయన్ని బూట్ల తాత అనేవాళ్ళం. ఊరందరికీ బూట్లు కుట్టే ఆ మనిషి మాత్రం ఎప్పుడూ వట్టికాళ్ళతోనే గోనెపట్టా మీద కూర్చుని ఉండేవాడు.

"బూట్లు సేత్తో ఎట్టుకుని ఎక్కడికెల్తన్నావ్ బేటీ?" అని పిలిచాడు.

"నా కాళ్ళు బాగోవు తాతా. బూట్లు పట్టట్లేదు," అని ఏడ్చేశాను.

ఆయన ఓదార్చలేదు. వెనక రేకుపెట్టె తెరిచి కాగితాల కట్ట తీశాడు. ఒక్కో కాగితం మీద పెన్సిలుతో చుట్టూ గీసిన పాదం ఒకటి ఉంది. తన దగ్గర బూట్లు కుట్టించుకున్నవాళ్ళ కొలతలట. రెండు కాగితాలు ఏరి నా ముందు పరిచాడు. "వీటిల్లో పెద్ద ఉద్యోగం సేసేవోల్ల కాలు ఏదో సెప్పు సూద్దాం," అన్నాడు.

ఒకటి సన్నగా, నాజూకుగా, వేళ్ళన్నీ దగ్గరగా ఉంది. రెండోది అచ్చం నా పాదంలాగే విచ్చుకుని ఉంది. నేను తడుముకోకుండా సన్నదాన్ని చూపించాను. రెండోది మూటలు మోసేవాళ్ళదై ఉంటుందన్నాను.

తాత సన్నని పాదం మీద చెయ్యి పెట్టాడు. అది పుట్టిన దగ్గర్నుంచీ మంచం దిగని ఒక అబ్బాయిదట. బూట్లేసుకోవాలని సరదా పడితే వాళ్ళ నాన్న కుట్టించాడట. "ఆ బూటు అడుక్కి ఇప్పటికీ మట్టంటలేదు బేటీ," అన్నాడు. తరవాత రెండో కాగితం నా వైపు జరిపాడు. "ఇది మన ఆసుపత్రి డాక్టరమ్మది."

నేను నమ్మలేకపోయాను. మా తమ్ముడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఆవిణ్ణి చూశాను. నల్లబూట్లతో టకటకా వార్డులోకి వస్తుంటే అందరూ పక్కకు తప్పుకునేవాళ్ళు. పెద్దయ్యాక అలా నడవాలని అప్పుడే అనుకున్నాను కూడా. ఆవిడదీ మాలాంటి పల్లేనట. చదువుకోవడానికి రోజూ గట్ల మీద వట్టికాళ్ళతో నడిచి వెళ్ళేదట.

"కాలు పెద్దదనకు, బూటు సిన్నదను," అన్నాడు తాత. "కాలు ముందు పుట్టింది. బూటు నాను ఎనకాల కుట్టింది."

నా పాదం పట్టుకుని కాగితం మీద పెట్టబోయాడు. అంత పెద్దాయన నా కాలు ముట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కున్నాను. నా పని నన్ను చేసుకోనియ్యవా అని కసిరి, చుట్టూ గీత గీశాడు. బూట్ల పక్కల కుట్లు విప్పి, నల్లతోలు ముక్క అతికి, చెక్క అచ్చు మీద బిగించి రెండు రోజులు ఉంచుతానన్నాడు.

వాటిని తెచ్చుకోవడానికి అమ్మ నాతో వచ్చింది. గుమ్మం బయటే నిలబడ్డ అమ్మను చూసి, నీకూ ఒక జత కుడతాను తల్లీ అన్నాడు తాత. అమ్మ కాళ్ళు చీర కుచ్చిళ్ళలోకి ముడుచుకుంది. "ఏసుకుంటే మా అత్తోరూరిలో పొగరంటారు బాబూ. ఏసుకోకపోతే ఇక్కడోల్లు అదోలా సూత్తారు. నానేటి సెయ్యాలి?" అంది.

"ఊరికో జత కాళ్ళు లేవు కదమ్మా. నీకేది సుకమో అది సెయ్యి," అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అమ్మ వట్టికాళ్ళు చూసి బడిలో నవ్వుతారని, పంద్రాగస్టుకు రావద్దని ఎలా చెప్పాలా అని వారం రోజులుగా సాకులు వెతుకుతున్నది నేనే. దారిలో అమ్మ చెయ్యి పట్టుకుని, నువ్వు ముందు వరసలోనే నిలబడాలి అని చెప్పాను.

అమ్మ వచ్చింది. వానకు తడిసిన మైదానంలో మిగతా తల్లులు చెప్పుల్లో బురద పడుతోందని పక్కకు జరిగితే, అమ్మ వట్టికాళ్ళతో మైదానం చుట్టూ కట్టిన తాడు దాకా వచ్చి నిలబడింది. బూట్ల పక్కల అతుకు కనిపిస్తూనే ఉంది. వేళ్ళు మాత్రం లోపల హాయిగా విచ్చుకున్నాయి. అమ్మ ముందు నుంచి వెళ్తున్నప్పుడు నా గొంతులో ఉన్న బలమంతా పెట్టి "ఎడమ, కుడి" అన్నాను.

అమ్మ మరో పదేళ్ళకు గాని చెప్పులు వేసుకోలేదు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక తనంతట తానే అడిగి కొనిపించుకుంది. ఊరికి వెళ్ళినప్పుడూ విప్పలేదు. అప్పటికి ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు కూడా. ఇప్పుడు బీచ్ రోడ్డులో పొద్దున్నే పెద్ద పెద్ద వాళ్ళు ఖరీదైన బూట్లు చేత్తో పట్టుకుని, ఆరోగ్యమంటూ ఇసకలో వట్టికాళ్ళతో నడుస్తున్నారు. వాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటా వేస్తుంది.

నా పెళ్ళిచూపులకు వచ్చిన ఒకాయన అమ్మాయి ఎత్తు ఎక్కువంటే, "కాదండీ, మీరు పొట్టి" అనేశాను. ఆ సంబంధం పోయింది, నాకు బెంగేమీ కలగలేదు. ఉద్యోగంలోనూ ఇంట్లోనూ నాకు ఇరుకైనవి చాలానే ఎదురయ్యాయి. కొన్నిటిని విప్పి అతుకు వేసుకున్నాను, కొన్నిటిని వదిలేశాను. నా కొలత తప్పని మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు.