ఇరవై మూడు మంది పాఠాలు చదివిన మా బావ

మా ఆసుపత్రిలో మా బావని అందరూ ‘నెక్స్ట్ గారు’ అంటారు. ఆయన అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. నేను పక్కగదిలో రక్తపరీక్షలు చేస్తాను. అక్క మొగుడు కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు పుష్కలంగా ఉంది. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నాకు నవ్వు రాదు.

ఆరు నెలల కిందట టీకా మందులు పెట్టుకునే కొత్త ఐస్ పెట్టెలు వచ్చాయి. వాటి వెనకే ఆన్‌లైన్ శిక్షణ వచ్చింది. ఒక్కొక్కరూ పన్నెండు పాఠాలు చదివి పరీక్ష రాయాలి. మా నెట్ సంగతి చెప్పుకోకపోతేనే మర్యాద, ఒక పేజీ తెరుచుకునేలోపు ఇద్దరికి కట్లు కట్టి రావచ్చు. శనివారానికల్లా అందరిదీ పూర్తి కావాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. మేమంతా తలలు పట్టుకున్నాం. “ఇటివ్వండి, నేను కానిచ్చేస్తా” అన్నాడు బావ.

ఇరవై మూడు మంది పేర్లతోనూ తనే కూర్చుని అవే పాఠాలు ఇరవై మూడుసార్లు చదువుతూ నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాడు. మధ్యమధ్య వరండాలోకి కేక వేసేవాడు, “ఒరేయ్, నీకు ఓటీపీ వచ్చింది చూడు!” మేం ఆరంకెలు చదివి చెప్పేవాళ్ళం. మా చదువు అంతే. అందరికీ నూటికి నూరు మార్కులు. ఆపరేటర్లకి ఆ శిక్షణ లేదు కాబట్టి ఆయనకి మాత్రం సర్టిఫికెట్ రాలేదు.

మొన్నామధ్య దేశంలోని ఆసుపత్రుల శిక్షణలన్నిటినీ ఒకే నెట్‌వర్క్ కిందికి తెచ్చారు. రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. మంచి మార్కులు తెచ్చుకున్న ఆసుపత్రులు తక్కినవాటికి నేర్పాలట. బుధవారం మూడు గంటలకి, టీకాలు వేసే మా పెద్ద సిస్టర్ ఆన్‌లైన్‌లో మాట్లాడితే నాలుగు వందల ఆసుపత్రులు వింటాయట. డాక్టరమ్మ మురిసిపోయింది. బావ ఆ ఉత్తరం చదివి, నోట్లో వెలక్కాయ పడ్డట్టు నా వైపు చూశాడు.

ఆ బుధవారం దాకా ఉన్న పది రోజులూ ఆయనకి తిండి సయించలేదు. ఎవరు ఫోన్ చేసినా ఉలిక్కిపడేవాడు. “దొరికిపోతామనా బావా?” అన్నాను. “దొరికితే ఉద్యోగం పోతుంది, అంతేగా! ఆవిడ ఏదైనా తప్పు చెప్తే? వాళ్ళంతా అదే నిజమనుకుంటార్రా” అన్నాడు. అప్పటికి నాకది అతిగానే తోచింది.

ప్రశ్నలూ జవాబులూ రాసి పెద్ద సిస్టర్‌కి ఇచ్చాడు. ఒక్క గంట కూర్చోండి, అంతా చెప్తానని బతిమాలాడు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, “పాతికేళ్ళ నుంచి సూదులు వేస్తున్నాను నాయనా. నాకు నువ్వు చెప్తావా?” అంది.

బుధవారం రానే వచ్చింది. డాక్టరమ్మ గదిలో ఉతికిన దుప్పటి ఒకటి గోడకి కట్టి, దాని ముందు సిస్టర్‌ని కూర్చోబెట్టాం. బావ కెమెరాకి అందకుండా కంప్యూటర్ పక్కన నిలబడ్డాడు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. మొదటి అరగంట ఆవిడ కాగితం చూస్తూ బాగానే లాక్కొచ్చింది. నేను హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఎక్కడో దూరపు ఆసుపత్రి నుంచి ఒక నర్సు అడిగింది, “మేడమ్, కొత్త పెట్టెలో ఐస్ ప్యాకులు ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పెట్టెయ్యొచ్చాండీ?”

అది కాగితంలో లేదు. సిస్టర్ తడుముకోకుండా చెప్పింది, “నేరుగానే పెట్టాలమ్మా. రాయిలా ఉంటేనే సాయంత్రం దాకా చల్లగా ఉంటుంది. మేం రోజూ అలాగే పెడతాం.”

బావ చెయ్యి మైకు దాకా వెళ్ళి ఆగింది. అవతల వాళ్ళు రాసుకుంటున్నారు. ఆయన ఒక్కసారిగా కెమెరాలోకి వంగాడు.

“కాదమ్మా, రాసుకోవద్దు! ప్యాకులు కాసేపు బయట పెట్టాలి. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినపడాలి. రాయిలా ఉన్నవి పెడితే మందు గడ్డకడుతుంది. కొన్ని టీకాలు గడ్డకడితే ఇంక పని చెయ్యవు. పైకి మాత్రం ఏం తెలీదు.”

ఈ శిక్షణ నడిపిస్తున్న రాజధాని మేడమ్ తెర మీద నుంచి అడిగింది, “మీరెవరండీ?”

“కంప్యూటర్ ఆపరేటర్నండీ. మా వాళ్ళ పరీక్షలన్నీ నేనే రాశాను.”

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. తెర మీద మెసేజీల చోట ఒకరెవరో ‘మా దగ్గరా అంతే’ అని రాశారు. దాని కింద ఇంకొకరు, ఆ కింద మరొకరు. రాజధాని మేడమ్ వాటిని చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసేసింది.

పెద్ద సిస్టర్ అవేవీ చూడటం లేదు. ఆవిడ లేచి, పొద్దున వాడి గది మూల పెట్టిన పెట్టె దగ్గరికి వెళ్ళి, చల్లటి సీసా ఒకటి చేతిలో పట్టుకుని నిలబడింది.

“ఇవాళ పధ్నాలుగు మంది పిల్లలకి వేశాను. ఈ ఆరు నెల్లూ ఇలాగే వేశాను. మరి వాళ్ళ సంగతేంటయ్యా?” అంది.

ఆ సర్టిఫికెట్లలో ఒకటి నాది, నా గది గోడకే అంటించి ఉంది.

పై అధికారులు ఏం చెయ్యాలో తేల్చి ఉత్తరం పంపడానికి మూడు రోజులు పట్టింది. కొందరు పిల్లలకి మళ్ళీ వెయ్యాలి. ముందు తల్లులకి ఫోన్ చెయ్యాలి. ఆ పని నేను చేస్తానన్నాను, సిస్టర్ చేస్తానంది. బావ ఒప్పుకోలేదు. రిజిస్టర్ ముందు పెట్టుకుని మొదటి నంబరు నొక్కాడు.

“ఆసుపత్రి నుంచమ్మా. మీ బాబుని ఇంకోసారి తీసుకురావాలి.”

అవతల ఆవిడ కంగారు నాక్కూడా వినపడింది. “ఏమైందండీ? మా వాడికేమైనా అవుతుందా? మీరు సరిగ్గా వెయ్యలేదా?”

బావ పెదాలు తడుపుకున్నాడు.

“లేదమ్మా, సరిగ్గా వెయ్యలేదు. తప్పు నాది” అన్నాడు. తిట్లు మొదలయ్యాయి. ఆయన ఫోన్ చెవి నుంచి తియ్యలేదు.