ఎడమ వెనక సీటు

మా మరిది కంటికి మనుషులు కనపడరు, బరువులు కనపడతాయి. ఎదుటివాళ్లు నవ్వుతున్నారా, ఏడుస్తున్నారా, కట్టింది కొత్త చీరా పాత చీరా, అవేమీ ఆనవు. ఒక్క చూపు చూసి, "కొంచెం ఎడమకి జరగండి" అంటాడు.

అతనికి సరస్సు మీద ఓ మోటారు పడవ ఉంది. పడవ పోతుంటే వెనక కెరటం లేస్తుంది కదా, దాని మీద పలక వేసుకుని నిలబడి, పడవకి కట్టిన తాడు వదిలేసి జారడం ఓ ఆట. వచ్చినవాళ్లచేత అది ఆడించడమే ఇతని పని. ఆ కెరటం నునుపుగా లేవాలంటే పడవ ఓ పక్కకి ఒరిగి, వెనక భాగం నీళ్లలోకి దిగాలి. వేగం వెంట్రుకవాసి అటూ ఇటూ కాకూడదు. బరువు ఒక్క మనిషంత తప్పినా కెరటం కాస్తా నురుగైపోతుంది.

నేను చుట్టపుచూపుగా వచ్చినప్పుడు ఆ పడవలో ఓ తగాదా చూశాను. ఓ మొగుడూ పెళ్లాం తమ కొడుకు ఆట చూద్దామని ఎక్కారు. ఇద్దరూ పుష్టిగానే ఉన్నారు. దారిలో ఏం జరిగిందో, ఆయన ముందు కూర్చుంటే ఆవిడ కుడి మూలకి పోయి నీళ్లకేసి చూస్తూ కూర్చుంది.

"ఇద్దరూ ఎడమ వెనక్కి రండి," అన్నాడు మా మరిది.

"ఆయన పక్కన నేను కూర్చోను," అంది ఆవిడ.

"రమ్మని బతిమాలుతున్నదెవరు?" అన్నాడు ఆయన.

"మీ తగాదా ఇంటికెళ్లాక పడండి. ఇక్కడ నా కెరటం పాడవుతోంది."

"ఎక్కడ కూర్చోవాలో కూడా నువ్వే చెప్తావా?"

"కూర్చోవద్దులెండి, నిలబడండి. నిలబడేది మాత్రం ఎడమవైపు."

వాళ్లు కదల్లేదు. ఇతను ఇంజను ఆపేసి, సరస్సు నడిమధ్యలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎండ నెత్తికెక్కింది. చివరికి నీళ్లలో తేలుతున్న కొడుకే, "అమ్మా, వెళ్లి కూర్చోవే, నేను నానిపోతున్నాను" అన్నాడు. ఆవిడ లేచింది. ఆవిడ లేచాక ఆయనా లేచాడు. పడవ ఒరిగింది. ఒరిగిన పడవలో ఎగువ కూర్చున్న మనిషి దిగువ మనిషి మీదికి జారక తప్పదు. మొదటి మలుపులో ఆవిడ ఆయన భుజం పట్టుకుంది. తరవాత మలుపులు లేని చోట కూడా వదల్లేదు.

ఈ పిచ్చి రేవు దగ్గర ఆగిపోతే బాగానే ఉండేది. పరామర్శకి వెళ్లిన ఇంట్లో, సోఫా మీద వరసగా కూర్చుని ఏడుస్తున్నవాళ్లని చూసి, "ఇద్దరు ఈ కుర్చీల్లోకి రండి, అటు మొగ్గింది" అన్నాడు. చిత్రమేమిటంటే వాళ్లు ఏడుపాపి మరీ జరిగారు. "పెళ్లయిన కొత్తలో నాకేసి అలా తేరిపార చూస్తుంటే ప్రేమనుకున్నానక్కా" అంటుంది మా తోటికోడలు.

మా ఆయన పోయాక నన్ను తనింటికి తీసుకొచ్చింది ఇతనే. నాకు చదువు అంతంతమాత్రం గానీ పౌరుషానికి లోటు లేదు. ఒకరింట్లో ఊరికే కూర్చుని తినడం నా ఒంటికి పడదు. ట్రంకుపెట్టె విప్పకుండానే మంచం కిందికి తోసి, "నెల తిరిగేసరికి నా దారి నేను చూసుకుంటాను. నేనెవరికీ భారం కాను" అన్నాను.

భారం అనే మాట చెవిన పడగానే అతని మొహం వెలిగింది.

"ఎంతుంటావు వదినా?"

"ఏమిటి ఎంత?"

"భారం."

ఆ లెక్క కట్టుకున్న మొగుడికే చెప్పలేదు నేను. చెడామడా తిట్టాను. తిట్లన్నీ శ్రద్ధగా విని, "ఎడమ వెనక చాలట్లేదు. నువ్వైతే అతికినట్టు సరిపోతావు. నాకు భారమే కావాలి" అన్నాడు.

మర్నాడు ఎక్కాను. నేను కూర్చోగానే పడవ వంగి దణ్ణం పెట్టినట్టు ఒరిగింది. అతని కూతురు పలక మీద లేచింది. దాని కాళ్ల కింద కెరటం చుక్క నురుగు లేకుండా, ఇస్త్రీ చేసినట్టు నిలబడింది.

"చూశావా వదినా? నువ్వు లేకపోతే ఇదంతా నురుగే."

అప్పట్నుంచి నేను ఉద్యోగస్తురాలిని. కూరగాయల కొట్టు దగ్గర ఎవరైనా తోసుకొస్తే, "జరుగు, పనికెళ్లాలి" అనేదాన్ని. రెండో వడ్డన వద్దనడం కెరటానికి ద్రోహం చేసినట్టుండేది. డాక్టరు బరువు తగ్గమంటే, "మా పడవాయన్ని అడిగి చెప్తాను" అన్నాను. వెళ్లిపోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు. అయితే పెట్టె మాత్రం విప్పలేదు.

మొన్నామధ్య జ్వరమొచ్చి మంచమెక్కాను. పాపం, వచ్చినవాళ్లంతా నురుగులో దొర్లుతుంటారు కదా అని నా దిగులు. సాయంత్రం పిల్ల తడిజుట్టుతో ఈల వేసుకుంటూ వచ్చింది.

"నేను లేక ఇబ్బంది పడ్డారా?"

"లేదు పెద్దమ్మా, కెరటం బ్రహ్మాండం."

"ఎలా?"

"ఎడమ సీటు కింద నీళ్లసంచి ఉందిగా, నాన్న అది నింపాడు. నువ్వొచ్చే రోజుల్లోనే దాన్ని ఖాళీ చేస్తాడు, నీకు చోటుండాలని..." అని నాలిక్కరుచుకుంది.

అంటే ఇన్నాళ్లూ నా ఉద్యోగం ఓ సంచిని పక్కకి తప్పించి ఇచ్చిందన్నమాట. కోపానికి చోటివ్వడానికేమో, జ్వరం దిగిపోయింది. పెట్టెని బరబరా ఈడ్చుకొచ్చి గుమ్మంలో పెట్టి, దాని మీద కూర్చున్నాను. మా మరిది వచ్చాడు.

"ఏమయ్యా, నా బదులు నీళ్లు చాలట గదా?"

"చాలు," అన్నాడు. మొహం మీద అడిగితే అబద్ధం రాదు ఆ మనిషికి.

"మరి నన్నెందుకు మోస్తున్నావు?"

"నిన్ను మోసేది పడవ వదినా, నేను కాదు." కాసేపు బుర్ర గోక్కున్నాడు. "సంచితో కెరటం వస్తుంది. కానీ సంచి తిట్టదు. ఇంట్లో నువ్వు అలిగి మూల కూర్చుంటే ఇల్లంతా ఆ మూలకే ఒరిగిపోయేది. నాకు తోచిన సర్దుబాటు అదీ."

ఇంతలో అతని చూపు నా మీద నుంచి పెట్టె మీదికి దిగింది. ఆ చూపు నాకు తెలుసు.

"గట్టి పెట్టె," అన్నాడు, నన్ను లేవమని సైగ చేసి ఓ పక్క ఎత్తి చూస్తూ. "పడవ ముందు కాస్త తేలిపోతోంది. నీ బట్టలన్నీ బీరువాలో సర్దేసి, పెట్టె ఖాళీ చేసి నాకిచ్చెయ్యి వదినా. ఇసుక నింపుకుంటాను."