పదహారణాలకు ఎన్నణాల వరుడు?

2022 డిసెంబరు 11, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. తుపాను వెళ్లిపోయినా దాని తుంపర ఇంకా పుంగనూరును వదలలేదు. చంకలో గొడుగు ఉండి కూడా తల తడుపుకొని మునస్వామి గడప తొక్కాడు లోకనాథ్. కుప్పంలో లెక్కల అధ్యాపకుడు. వయసు ముప్పై తొమ్మిది. ఇవి ఆయనకు పదిహేడవ పెళ్లిచూపులు.

ఆయన శాస్త్రంలో అవును, కాదు అని రెండు గదులే ఉండవు. నడుమ విశాలమైన వసారా ఒకటి ఉన్నది. నలుగురూ తేల్చి చెప్పలేని సంగతిని, వారి నసుగుళ్లకే విలువలు కట్టి తేల్చడం మీద ఏడేళ్లు శ్రమించి పట్టా పొందాడు. ఆ పద్ధతితో తంబళ్లపల్లె రైతులకు బోరు వేయవలసిన చోటు తేల్చాడు. తన పెళ్లి మాత్రం తేలలేదు. పదహారు ఇళ్లవారు "కబురు పంపుతాము" అన్నారు. ఆ కబుర్ల కోసం చూసి చూసి నుదురు నడినెత్తి దాకా పెరిగింది.

మునస్వామి కూతురు రేఖ మదనపల్లెలో టమాటా నారు పెంచి అమ్ముతుంది. కాఫీ అందిస్తూ, "గొడుగుండీ యాల తడిసినారు?" అన్నది.

"పూర్తి వాన కాదండీ. పదహారణాలకు రెండణాల వాన."

ఆమె పకపక నవ్వింది. పదిహేడిళ్లలో ఆ తరహా మాటకు నవ్విన మనిషి ఆమె ఒక్కతే. ఈ సంబంధం చేజారకూడదని లోకనాథ్ దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

పెద్దలు పెదవి విప్పారు.

"పర్వాలేదు," అన్నాడు మునస్వామి.

"బాగానే ఉండాడు," అన్నాడు మేనమామ తిమ్మప్ప.

"ఉద్యోగముండాది గానీ... జుట్టు యాడుండాది?" అన్నది మేనత్త తులసమ్మ. "కబురు పంపిస్తాంలే అప్పా."

ఆ మాట వినగానే లోకనాథ్ జేబులోని కాగితం తీశాడు. "కబురెందుకండీ, ఇప్పుడే తేల్చుదాము. పర్వాలేదంటే ఎనిమిదణాలు. బాగానే ఉన్నాడంటే పన్నెండు. గానీ అని ఆగితే నాలుగు. సమ్మతమేనా?"

"నాలుగెక్కువప్పా. మూడేసుకో," అన్నది తులసమ్మ.

పెళ్లి మాటల్లో ఒక్కరు మూతి ముడిచినా సంబంధం నిలవదు. అది ఆ సీమ ఆచారమని ఎరిగినవాడు గనుక, అన్నిటికంటె తక్కువ విలువనే తీర్పుగా తీసుకున్నాడు. రెండుసార్లు సరిచూసుకొని, పాలిపోయిన ముఖంతో లేచి చేతులు జోడించాడు.

"మూడణాలు. ఈ సంబంధం కుదరదండీ."

ఇల్లంతా నివ్వెరపోయింది. తనను తానే కాదనుకున్న వరుణ్ణి ఆ వంశంలో ఎవరూ చూసి ఎరుగరు.

"మేం యాడ కాదన్నామప్పా?" అన్నాడు మునస్వామి.

రేఖ కాగితం లాక్కున్నది. "నా మాట యాడ రాసినారు?"

"మీరేమీ అనలేదు..."

"అడిగితే గదా! కాపురం చేసేది నేను. అత్త ఏడాదికి రెండు దినాలు వచ్చి పోతాది. ఇద్దరి మాటా ఒకే తూకమా? పిల్లకాయలకు ఏం లెక్కలు చెప్తాండారు మీరు?"

ఎవరి మాటకు ఎంత బరువు వేయాలో నూటపది పుటలు వ్రాసిన పండితుడు సిగ్గుతో తల వంచాడు. "మీ మాటకెంత బరువు?"

"పన్నెండణాలు. మిగిలిన నాలుగూ వాళ్లు ముగ్గురూ పంచుకోనీ."

"మరి నాకు మీరు వేసే విలువ?"

"పద్నాలుగు."

"తక్కిన రెండు?"

"జుట్టుకు."

తులసమ్మ గెలిచినట్టు నలుదిక్కులా చూసింది. లోకనాథ్ మళ్లీ లెక్క వేశాడు. పన్నెండణాలు దాటింది, అంటే "బాగానే ఉన్నాడు" కంటె పైమాటే.

2023 ఫిబ్రవరిలో పుంగనూరులో వారి పెళ్లి జరిగింది. ఏడాదికి పైగా ఆయన కుప్పంలో, ఆమె మదనపల్లెలో ఉన్నారు. 2024 జూన్‌లో లోకనాథ్ మదనపల్లెలో ఒక కళాశాలకు మారాడు. మరుసటి ఏడాది ఆగస్టులో కూతురు పుట్టింది. పేరు అమరావతి.